ఒకే చౌక్‌లో హుస్, మరియమాత

ప్రాగ్

నాన్నగారికి, అమ్మకు ప్రభువు నామమున వందనములు.

నేనిక్కడ క్షేమం. ప్రొటెస్టెంటు ఉద్యమానికి నాంది పలికిన లూథరుకు వందేళ్ల ముందే సత్యం కోసం ప్రాణమిచ్చిన యాన్ హుస్ గురించి గుంటూరులో సండే స్కూలు పిల్లలకు మీరు చెప్పేవారు కదా, నాన్నగారూ. ఆయన స్మారకాన్ని ఇక్కడి పాత పట్టణపు చౌక్‌లో చూశాను. కాన్‌స్టాన్స్ నగరంలో కూడిన చర్చి మహాసభ మతద్రోహి అని తీర్పు చెప్పగా 1415 జూలై 6న ఆయనను సజీవంగా కాల్చివేశారు. సరిగ్గా 500 ఏళ్లకు, 1915లో, ఈ స్మారకాన్ని నిలిపారు. ప్రభు బల్లలో ద్రాక్షారసపు గిన్నె చర్చి గురువులకే కాక విశ్వాసులందరికీ అందాలని ఆయన అనుచరులు పట్టుబట్టారు. మన గుడిలో అందరం మామూలుగా అందుకునే ఆ గిన్నె కోసం ఈ చెక్ దేశంలో యుద్ధాలు జరిగాయి. చౌక్ పక్కనున్న టీన్ చర్చి ముఖభాగాన ఒకప్పుడు బంగారు గిన్నె ఉండేది. ప్రొటెస్టెంట్లు ఓడిపోయాక దాన్ని తొలగించి, అక్కడ మరియమాత ప్రతిమను అమర్చారు.

నేను ఎక్కువసేపు ఆగింది పాత టౌన్‌హాలు ముందు. అక్కడ నేల రాళ్లలో 27 తెల్ల సిలువలు పొదిగి ఉన్నాయి. 1620 నవంబరులో తెల్లకొండ యుద్ధంలో, ఎక్కువగా ప్రొటెస్టెంట్లైన తిరుగుబాటుదారులు ఓడిన తరువాత, కేథలిక్ అయిన హాబ్స్‌బర్గు వంశపు రెండవ ఫెర్డినాండ్ చక్రవర్తి ఆజ్ఞపై 27 మంది నాయకులకు 1621 జూన్ 21న ఇక్కడే మరణశిక్ష అమలు చేశారు. వారిలో ప్రాగ్‌లో బహిరంగంగా శవపరీక్ష చేసి పేరు పొందిన వైద్యుడు యాన్ యెసెనియస్ ఒకరు. ఆయనకు ముందు నాలుక కోసి, ఆ తరువాత తల నరికారు. 12 మంది తలలను వంతెన బురుజుకు వేలాడదీశారు. చనిపోయినవారిలో ఒక కేథలిక్ కూడా ఉన్నారు కనుక, ఈ పోరులో మతంతో పాటు రాజ్యాధికారమూ ఎంత ఉందో తెలుస్తుంది.

అమ్మా, పుట్టింట్లో ఆర్.సి.ఎం. (రోమన్ కేథలిక్) పద్ధతిలో పెరిగి, ఏటా గుణదల మాత తిరునాళ్లకు వెళ్లిన నీకు మరో సంగతి రాయాలి. హుస్‌కు కొద్ది దూరంలోనే మరియమాత స్తంభం ఉంది. స్వీడన్ సేనల ముట్టడి నుంచి నగరం బయటపడినందుకు కృతజ్ఞతగా 1650లో నిలిపిన ఆ స్తంభాన్ని, దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన ఆరు రోజులకే, 1918 నవంబరు 3న, హాబ్స్‌బర్గుల విజయచిహ్నంగా భావించి జనం కూలదోశారు. దాని ప్రతిరూపాన్ని 2020లో, ఎందరో వ్యతిరేకించినా, మళ్లీ నిలిపారు.

నిలపడమే మంచిదని నా అభిప్రాయం. స్తంభాన్ని కూల్చినంత మాత్రాన ఆ 27 మందికి న్యాయం జరగలేదు. మాత ఎదుట మోకరిల్లేవారికి మాత్రం ఆ చోటు లేకుండా పోయింది. నాన్నగారికి ఇది నచ్చకపోవచ్చు. మీరిద్దరూ మాట్లాడుకుని మీ మాట రాయండి. హుస్ క్రూర మరణానికి పోప్ రెండవ జాన్ పాల్ 1999లో తీవ్ర విచారం ప్రకటించారన్న సంగతి కూడా పిల్లలకు చెప్పండి, నాన్నగారూ.

మీ అమ్మాయి