అభ్యాసాలు లేని ఆన్‌లైన్ కోర్సు వద్దు

సంపాదకులకు నమస్కారం.

రాబోయే సెమిస్టరు నుంచి గ్రంథాలయ శాస్త్రాన్ని ఆన్‌లైన్‌లో బోధించడానికి నాతోపాటు నగరంలోని మరికొందరు అధ్యాపకులు పాఠాలు సిద్ధం చేసుకుంటున్నారు. ఈ సన్నాహంలో సమయమంతా వీడియోల చిత్రీకరణకే పోతోంది. విద్యార్థి స్వయంగా చేసి నేర్చుకోవలసిన వర్గీకరణ (పుస్తకాలను విషయాలవారీగా విభజించడం), సూచీకరణ (పుస్తక వివరాలను గ్రంథసూచిలో నమోదు చేయడం) అభ్యాసాలను మాత్రం ‘తర్వాత చూద్దాం’ అని పక్కన పెడుతున్నారు. ఇది సరికాదని కళాశాలల యాజమాన్యాలకు మీ పత్రిక ద్వారా విన్నవించుకుంటున్నాను.

గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో ప్రచురించిన గ్రంథాలయ శాస్త్ర పంచసూత్రాలను రికార్డు చేసిన ఉపన్యాసం విని అర్థం చేసుకోవచ్చు. కానీ ఒక తెలుగు నవలకు, విషయాన్ని బట్టి పుస్తకాలకు సంఖ్యలిచ్చే డ్యూయీ దశాంశ పద్ధతిలో సంఖ్య వేయమన్నప్పుడు, 800 సాహిత్యం అన్న తొలి మెట్టు నుంచి తెలుగు సాహిత్యానికి చెందిన 894.827 దాకా వచ్చి, కథాసాహిత్యాన్ని సూచించే 3 చేర్చి 894.8273 నిర్మించడం అనేది, పట్టికలు తిరగేసి, తప్పులు దిద్దించుకుంటేనే పట్టుబడుతుంది.

సూచీకరణలో చిక్కులు ఇంకా ఎక్కువ. శ్రీశ్రీ పుస్తకాన్ని ఏ పేరు కింద నమోదు చేయాలి? శ్రీరంగం శ్రీనివాసరావు అని వెదికిన పాఠకుణ్ణి అక్కడికి ఎలా మళ్లించాలి? ఇంటిపేరు ముందు రాసే మన అలవాటును పాటిస్తూ, అదే రచయిత పేరు ఇంగ్లిషు అక్షరాల్లో నాలుగు రకాలుగా కనిపించినప్పుడు ఏం చేయాలి? పాత పుస్తకాల టైటిల్ పేజీ మీద ఒక్కోసారి ‘ప్లవ నామ సంవత్సరం’ అని మాత్రమే ఉంటుంది. అరవై ఏళ్లకోసారి అదే పేరు వస్తుంది కనుక, అది 1901 కావచ్చు, 1961 కూడా కావచ్చు. ముద్రణాలయం పేరు, ధర, లిపి తీరు చూసి తేల్చుకోవాలి. నా దృష్టిలో గ్రంథాలయాధికారి తయారయ్యేది ఇక్కడే.

అందువల్ల వీడియోల కంటే ముందు, అభ్యాసానికి పనికివచ్చే టైటిల్ పేజీలను, వాటి వెనుక పుటలతో సహా స్కాన్ చేసి పెట్టుకోవాలి. 1891లో ఆసఫియా గ్రంథాలయంగా మొదలైన అఫ్జల్‌గంజ్ రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం, 1901లో ఏర్పడిన సుల్తాన్ బజారులోని శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం మన ఊళ్లోనే ఉండగా, ఇంగ్లిషు పాఠ్యపుస్తకాల్లోని నమూనాలతో సరిపెట్టుకోవడం అన్యాయం. గ్రంథాలయ నిర్వహణకు వాడే కోహా సాఫ్ట్‌వేర్‌కు లైసెన్సు రుసుము లేదు, అందులో తెలుగు లిపి కూడా ఇమిడిపోతుంది. కళాశాల ఒక సర్వరు కేటాయించి, ప్రతి విద్యార్థికీ లాగిన్ ఇస్తే, అతడు చేసిన నమోదును అధ్యాపకుడు చూసి, ఎక్కడ పొరపాటు జరిగిందో రాసి పంపవచ్చు. అయితే ఒక్క అధ్యాపకుడికి వందలమందిని అప్పగిస్తే ఈ దిద్దుబాటు సాగదు.

దేశంలో తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాద్‌లోనే వెలసింది. ముద్రిత పాఠాలకు తోడు అధ్యయన కేంద్రాల్లో ముఖాముఖి తరగతులు నడపడం మనకు కొత్త కాదు. ఆన్‌లైన్ కోర్సుకూ అదే పద్ధతి కావాలి.

కోర్సు ప్రకటించే ముందు కళాశాలలు అధ్యాపకులకు అభ్యాసాల తయారీకి తగినంత వ్యవధి ఇవ్వాలనీ, చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం వంటి చోట్ల సెలవు రోజుల్లో ప్రాక్టికల్ తరగతులు జరుపుకొనేందుకు గ్రంథాలయ సంస్థ అనుమతించాలనీ కోరుతున్నాను.

ఇట్లు,
గ్రంథాలయ శాస్త్ర అధ్యాపకురాలు,
హైదరాబాద్