శుభాకాంక్షలకు నొచ్చుకుంటున్నది ఎవరు?

సంపాదకుల వారికి నమస్కారం.

డిసెంబరు వచ్చిందంటే చాలు, పండుగ శుభాకాంక్షలు పరమతస్థుల మనసు నొప్పిస్తాయా అన్న తగవు ఎక్కడో ఒకచోట రాజుకుంటుంది. అమెరికాలో అయితే దీనికి ‘క్రిస్మస్‌పై యుద్ధం’ అని పేరే పెట్టారు. ‘మెర్రీ క్రిస్మస్’ అంటే మిగతావాళ్లను పరాయివాళ్లను చేసినట్టేనని ఒక వర్గం, ఏ మతం పేరూ లేకుండా ‘హ్యాపీ హాలిడేస్’ (సెలవుల శుభాకాంక్షలు) అంటే పండుగలోంచి క్రీస్తును వెళ్లగొట్టినట్టేనని ఇంకో వర్గం. ఈ గొడవ గురించి చదివినప్పుడల్లా నాకు ఒకటే సందేహం. ఆ పలకరింపు విని నొచ్చుకున్న యూదుడు, ముస్లిం, హిందువు, నాస్తికుడు ఏరీ? వాళ్ల తరఫున వకాల్తా పుచ్చుకున్నవాళ్లే కనిపిస్తారు గానీ వాళ్లు కనిపించరు.

అమెరికాలో పెద్ద ఎత్తున వార్తలకెక్కిన ఫిర్యాదులను చూడండి. 2005లో టార్గెట్ దుకాణాల ప్రకటనల్లో క్రిస్మస్ పేరు లేదంటూ వాటిని బహిష్కరించమని పిలుపునిచ్చింది అమెరికన్ ఫ్యామిలీ అసోసియేషన్ అనే క్రైస్తవ సంస్థ. అదే ఏడాది అధ్యక్షుడు జార్జ్ బుష్ పంపిన కార్డులో క్రిస్మస్ అన్న మాట లేదని ఆయనను బలపరిచిన సంప్రదాయవాదులే కినుక వహించారు. అందులో బైబిల్ వాక్యం ఉన్నా వాళ్లకు సరిపోలేదు! మరుసటి ఏడాది వాల్‌మార్ట్ క్రిస్మస్ పేరును తిరిగి తెచ్చుకుంటున్నామని ప్రకటించింది. నొచ్చుకున్నదీ, పంతం నెగ్గించుకున్నదీ అధిక సంఖ్యాకుల్లో ఒక భాగమే. మామూలు జనం వీళ్లకన్నా చాలా నిదానంగా ఉన్నారు. దుకాణాలవాళ్లు ఎలా పలకరించినా మాకు ఒకటేనని 2017లో ప్యూ రీసెర్చ్ సెంటర్ సర్వేలో 52 శాతం మంది చెప్పారు. క్రిస్మస్ పేరుతోనే పలకరించాలన్నవాళ్లు 32 శాతం, మతం ఊసు లేని పలకరింపు కావాలన్నవాళ్లు 15 శాతం.

ఇంగ్లండ్ కథ ఇంకా చిత్రం. 1997లో బర్మింగ్‌హామ్ నగర పాలక సంస్థ ఆ చలికాలపు వేడుకలన్నింటికీ కలిపి ‘వింటర్‌వాల్’ అని ఒక ప్రచారం పేరు పెట్టింది. అంతే, ఇతర మతాలవాళ్లు నొచ్చుకుంటారని క్రిస్మస్‌నే రద్దు చేశారన్న ప్రచారం ఊరూరా పాకింది. నిజానికి నగర పాలక భవనం ముందు ‘మెర్రీ క్రిస్మస్’ బ్యానరు కట్టారు, కూడళ్లలో క్రిస్మస్ చెట్లు నిలబెట్టారు, బడిపిల్లలు కేరల్స్ అనే క్రిస్మస్ పాటలు పాడారు. అయినా పుకారు చావలేదు. పద్నాలుగేళ్ల తర్వాత, 2011లో, వింటర్‌వాల్ క్రిస్మస్ పేరు మార్చనూ లేదు, దాని స్థానం ఆక్రమించనూ లేదని డెయిలీ మెయిల్ పత్రిక సవరణ వేసుకోవలసి వచ్చింది. ఇన్నేళ్లూ ఆ వార్తకు ఆధారంగా నిలవవలసిన ‘నొచ్చుకున్న మైనారిటీ’ ఒక్కరైనా ముందుకు వచ్చిన దాఖలా లేదు.

క్రిస్మస్‌ను నిజంగా నిషేధించినవాళ్లు చరిత్రలో లేకపోలేదు. 1659లో అమెరికాలోని మసాచుసెట్స్ అనే ఇంగ్లిష్ వలసలో ఆ పండుగ జరుపుకొంటే అయిదు షిల్లింగుల జరిమానా. 1681 దాకా ఆ చట్టం నడిచింది. అది చేసినవాళ్లు ప్యూరిటన్లు, నికార్సయిన క్రైస్తవులు.

అలాగని పలకరింపు ఎవరినీ ఎప్పుడూ నొప్పించదని నేను అనను. నొప్పిస్తుంది, కానీ మతం వేరైనందుకు కాదు, ఎదుటివాళ్ల గురించి కాస్తయినా తెలుసుకోనందుకు. గుడ్ ఫ్రైడే నాడు ‘హ్యాపీ గుడ్ ఫ్రైడే’ అని సందేశాలు పంపేవాళ్లు ఉన్నారు. అది క్రీస్తును శిలువ వేసిన రోజు. మొహర్రం పదో రోజు షియాలకు ఇమాం హుసేన్ బలిదానాన్ని తలచుకుని కన్నీళ్లు పెట్టుకునే రోజు. దానికీ రంగురంగుల పూల బొమ్మతో ‘శుభాకాంక్షలు’ వచ్చిపడతాయి. యూదుల హనుక్కా చాంద్రమానాన్ని అనుసరిస్తుంది కనుక 2021లో డిసెంబరు 6కే ముగిసిపోయింది, 2024లో సరిగ్గా క్రిస్మస్ సాయంత్రం మొదలైంది. రష్యన్ ఆర్థడాక్స్ క్రైస్తవులకు క్రిస్మస్ జనవరి 7న. ఇవన్నీ కంఠస్థం చేయమని అనడం లేదు. పక్క బల్ల దగ్గర ఏళ్ల తరబడి కలిసి పనిచేస్తున్న మనిషికి ఏది పండుగో, ఏది సంతాపమో తెలియకపోతే మాత్రం అందులో మర్యాద లోపం ఉందనే అంటాను. ఇక దారిన పోయే అపరిచితుడి సంగతంటారా, ఆయన తన పండుగ పేరు చెప్పి మనకు మంచి కోరితే మనమూ మంచి కోరి ముందుకు సాగిపోవచ్చు. అందులో పరిశోధించవలసినంత లోతు నాకు కనబడదు.

అసలు ఇబ్బంది వినేవాళ్లకన్నా చెప్పేవాళ్లకే ఎక్కువ. ఈ సంగతి ఎవరూ పట్టించుకోరు. యెహోవా సాక్షులు అనే క్రైస్తవ శాఖవారు క్రిస్మస్ జరుపుకోరు, ఆ శుభాకాంక్షలు చెప్పడం తమ విశ్వాసానికి విరుద్ధమని భావిస్తారు. ముస్లిం పండితుల్లోనూ దీనిపై ఏకాభిప్రాయం లేదు. ఈజిప్టులోని ఫత్వా సంస్థ దార్ అల్ ఇఫ్తా క్రైస్తవులకు పండుగ శుభాకాంక్షలు చెప్పడం మంచి నడవడికేనంటే, తొలితరం ముస్లింల బాటనే నడవాలనే సలఫీ పండితుల్లో కొందరు కూడదంటారు. క్యాథలిక్ చర్చి తన వైపు నుంచి ఈ చిక్కుముడిని ఎప్పుడో విప్పుకుంది. రంజాన్ ముగింపు సందర్భంగా 1967 నుంచి వాటికన్ ముస్లింలకు సందేశం పంపుతోంది, దీపావళికి హిందువులకూ పంపుతోంది. ఎవరు ఏ నిర్ణయానికి వచ్చినా అది వాళ్ల అంతరాత్మకు సంబంధించినది. యజమాని ఉద్యోగి చేతికి ఒక చీటీ ఇచ్చి, వచ్చినవాళ్లందరితో ఇదే అనాలి, ఇది అనకూడదు అని ఆజ్ఞాపించినప్పుడే శుభాకాంక్ష కాస్తా హాజరు పట్టీలా తయారవుతుంది. ఆ చీటీలో క్రిస్మస్ పేరు ఉన్నా లేకపోయినా నా అభ్యంతరం ఒకటే.

ఈ మాటల రభసలో వెనక్కి పోతున్న విషయం సెలవు. అమెరికాలో క్రిస్మస్‌ను 1870లోనే చట్టబద్ధమైన సెలవుగా గుర్తించారు. ప్రాయశ్చిత్త దినమైన యోమ్ కిప్పూర్ జరుపుకొనే యూదుడు, ఈద్ జరుపుకొనే ముస్లిం చాలాచోట్ల తన సొంత సెలవు ఖర్చు పెట్టుకోవాలి, లేదా పై అధికారి దయ కోసం చూడాలి. ‘హ్యాపీ హాలిడేస్’ అని కార్డు ఇచ్చిన సంస్థే ఈద్‌కు సెలవు అడిగిన ఉద్యోగిని ఎగాదిగా చూస్తే ఆ కార్డు ఎందుకు? ఇక్కడ మార్పు నెమ్మదిగానైనా వస్తోంది. న్యూయార్క్ నగర పాఠశాలలకు రెండు ఈద్‌లకూ సెలవు ఇవ్వాలని 2015లో నిర్ణయించారు. దీపావళి సెలవుకు 2023లో చట్టం చేస్తే 2024 నవంబరు 1న అక్కడి పిల్లలు మొదటిసారి దాన్ని అనుభవించారు. ఆదివారం పనిచేయడం తన విశ్వాసానికి విరుద్ధమన్న తపాలా ఉద్యోగి కేసులో 2023 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. సంస్థకు చెప్పుకోదగ్గ భారం పడుతుందని చూపించలేకపోతే మతపరమైన వెసులుబాటును నిరాకరించరాదని ఆ తీర్పు సారాంశం. అంతకుముందు, 1977 నాటి తీర్పును పట్టుకుని, ఏ కొంచెం ఖర్చు తగిలినా కాదనడానికి వీలుండేది. ఈ తీర్పు ఎంతమంది బతుకులను తాకుతుందో ఊహించండి. ‘క్రిస్మస్‌పై యుద్ధం’ వార్తలకు దొరికే చోటులో దీనికి నాలుగో వంతైనా దొరికిందా?

కాబట్టి మీకు నా విన్నపం ఇది. ఫలానా శుభాకాంక్షలకు ఫలానా మతంవారు నొచ్చుకున్నారని ఈసారి వార్త వచ్చినప్పుడు, నొచ్చుకున్నదెవరో, ఎక్కడో, ఎవరికి ఫిర్యాదు చేశారో మీ విలేకరుల చేత అడిగించండి. సమాధానం దొరకకపోతే ఆ వార్త వేయకండి. ఆ చోటులో, తమ పండుగ నాడు సెలవు దొరకని ఉద్యోగులు ఏయే సంస్థల్లో ఉన్నారో రాయించండి.

ఇట్లు,
మీ పాఠకుడు