కమర్షియల్ పేపర్ల లెక్క మదుపరికి తెలియాలి

సంపాదకులకు నమస్కారం.

బ్యాంకేతర ఆర్థిక సంస్థలు కమర్షియల్ పేపర్ల ద్వారా సమీకరించే స్వల్పకాలిక రుణాలపై పత్రికల్లో చర్చ అరుదు. ఏడు రోజుల నుంచి ఏడాది దాకా గడువుతో, ఎలాంటి తాకట్టూ లేకుండా, ముఖవిలువ కంటే తక్కువ ధరకు జారీ అయ్యే ఈ పత్రాలు 1990లో మన ద్రవ్య మార్కెట్లోకి వచ్చాయి. కనీస పెట్టుబడి 5 లక్షల రూపాయలు కాబట్టి వీటితో సామాన్యుడికి పనిలేదనుకోవడం సరికాదు. ఇలాంటి స్వల్పకాలిక పత్రాల్లో పెట్టుబడి పెట్టే మ్యూచువల్ ఫండ్లయిన లిక్విడ్ ఫండ్లలో డబ్బు దాచుకున్న చిరుద్యోగి కూడా తనకు తెలియకుండానే ఈ సంస్థలకు అప్పిచ్చినవాడవుతున్నాడు.

చిక్కంతా గడువుల దగ్గరే ఉంది. మూడు నెలల్లో తీర్చవలసిన అప్పు తెచ్చి ఇరవై ఏళ్ల గృహరుణంగా ఇచ్చిన సంస్థ, పాత పేపరును కొత్త పేపరుతో తీర్చుకుంటూ పోక తప్పదు. 2018లో మౌలిక సదుపాయాలకు రుణాలిచ్చే ఐఎల్ అండ్ ఎఫ్‌ఎస్ సంస్థ చెల్లింపుల్లో విఫలమైనప్పుడు పేపర్ల కొనుగోలుదారులు వెనుకంజ వేయగా, ఆ సంస్థతో సంబంధం లేనివారికి కూడా అప్పు పుట్టడం కష్టమైంది. అంతకు కొద్ది వారాల ముందు వరకూ అప్పు తీర్చే సామర్థ్యానికి ఇచ్చే రేటింగుల్లో దానికి అత్యున్నత రేటింగే ఉంది! రేటింగుకు రుసుము చెల్లించేది అప్పు చేసేవారేనన్నది కూడా గమనించాలి.

ఆ తర్వాత పెద్ద సంస్థలు 30 రోజుల అవసరాలకు సరిపడా నగదుగా మార్చుకోగల ఆస్తులు ఉంచుకోవాలని రిజర్వు బ్యాంకు నిర్దేశించడం మంచి చర్యే. ఫండ్లు కూడా తమ పెట్టుబడుల జాబితాను వెల్లడిస్తున్నాయి గాని, ఆ పొడవాటి ఇంగ్లీషు పట్టికలు చదివేదెవరు? మదుపరికి పంపే ఖాతా నివేదికలోనే, తన సొమ్ములో ఎంత శాతం ఇటువంటి పేపర్లలో ఉందో తెలుగులో ఒక్క వాక్యంగా రాయాలని ఫండ్ల నియంత్రణ సంస్థ సెబీ ఆదేశించాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు, విజయవాడ