బండికి ఏమేం వేయించాలని అడిగావు కదా, అమ్మలూ

అమ్మలూ,

నీ కొత్త కారుకి వేయించాలని నువ్వు పంపిన లిస్టు రాత్రి భోజనాలయ్యాక మీ అమ్మ చదివి వినిపించింది. లెదరు సీటు కవర్లు, 7డి మ్యాట్లు, తొమ్మిది అంగుళాల స్క్రీను, అల్లాయ్ చక్రాలు, వంద వాట్ల బల్బులు, బంపరు ముందు ఇనుప గార్డు, డోర్లకి లైట్లు, అన్నీ కలిపి షాపువాడు 46 వేలకు ప్యాకేజీ అన్నాడనీ, ఆదివారం లోపు చెబితే ఇంకో రెండు వేలు తగ్గిస్తానన్నాడనీ రాశావు. ఫోన్లో చెబుదామంటే ఆఫీసు హడావుడిలో సగం విని పెట్టేస్తావు, అందుకే కూర్చుని రాస్తున్నా. ముందు ఒక్క మాట, ఆ షాపుకి అడ్వాన్సు కట్టకు.

బేస్ మోడల్ తీసుకున్నానని బాధపడకు. వేగన్ఆర్ తీసుకోమని నేనే చెప్పాను, ఆ మాట మీద ఇప్పటికీ ఉన్నా. ఇంజనూ బ్రేకులూ కంపెనీవాడు చూసుకున్నాడు, మిగిలినవి మనం ఒక్కొక్కటిగా, తొందర లేకుండా, నీ జీతం చూసుకుని చేసుకోవచ్చు. నువ్వు నెలకి రెండుసార్లు హైదరాబాద్ నుంచి బెజవాడకి రావాలి, పోవాలి, ఒక్కో వైపు 275 కిలోమీటర్లు. ఆ దారిలో నీ ఒంటికి తెలిసే వస్తువేదో అది వేయించుకో. పార్కింగులో నిలబెట్టినప్పుడు పక్కవాళ్ళకి కనపడేది తర్వాత చూద్దాం.

ముందు ఎండ సంగతి. నీకు ఆరేళ్ళప్పుడు మనం కొన్న సెకండ్‌హ్యాండు కారు గుర్తుందా? దానికి నేనే మోజుపడి రెక్సిన్ కవర్లు వేయించాను. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు కదా, అలాంటి రోజున బందరు రోడ్డులో బట్టల షాపు ముందు గంటసేపు ఎండలో పెట్టి వచ్చాం. నువ్వు గౌను వేసుకుని ఎక్కి కూర్చున్నావో లేదో కెవ్వుమన్నావు. తొడల వెనక ఎర్రగా కమిలిపోయింది. మీ అమ్మ మంచినీళ్ళ సీసా అంతా అక్కడే పోసేసింది. ఇంటికెళ్ళాక నేను ఆ కవర్లు మళ్ళీ మడతపెట్టి కూడా దాచలేదు, కోసి పారేశాను. ఇప్పుడు వాడు లెదరు అంటున్నది కూడా నిజమైన తోలు కాదు, ఆ రెక్సిన్‌కే కొంచెం మెత్తటి అక్క లాంటిది. 44, 45 డిగ్రీల ఎండలో అది గాలి ఆడనివ్వదు, వీపంతా చెమటకి అంటుకుంటుంది. మందపాటి నూలు కవర్లు కుట్టిద్దాం, జిప్పు పెట్టించి, నెలకోసారి తీసి ఉతుక్కునేలా. ఒకటి మాత్రం చూసి చెప్పు. సీటు పక్కన, డోరు వైపు, ఎయిర్‌బ్యాగ్ అని చిన్న లేబుల్ కుట్టి ఉందా? ఉంటే ఆ వైపు బిగుతుగా మూసే కవరు వేయకూడదు, బ్యాగు అక్కడినుంచే చీల్చుకుని రావాలి. అప్పుడు ఆ పక్క తెరిచి ఉంచి కుట్టించాలి.

అద్దాలకి ఫిల్ము అడిగావు. ముందు, వెనక అద్దాల్లోంచి కనీసం 70 శాతం, పక్క అద్దాల్లోంచి 50 శాతం వెలుతురు రావాలని రూలు. 2012లో సుప్రీంకోర్టు నల్ల ఫిల్ములు ఊడదీయించాక నా దగ్గరికే ఎన్ని బళ్ళు వచ్చాయో, జిగురు గీకలేక చేతులు పడిపోయాయి. షాపువాడు ఇది రూలు ప్రకారమే అంటాడు, రోడ్డు మీద ఆపిన కానిస్టేబులు కాదంటాడు, మధ్యలో నువ్వు ఒంటరిగా ఉంటావు. ఆ తలనొప్పి వద్దు. బండి ఆపినప్పుడు ముందు అద్దానికి లోపల వెండిరంగు షేడు పెట్టు, స్టీరింగు మీద తుండు వేసి ఉంచు. ఎక్కేముందు ఒక పక్క అద్దం పూర్తిగా దించి, అవతలి పక్క డోరు నాలుగైదుసార్లు తెరిచి మూయి. లోపలి వేడిగాలి విసిరినట్టు బయటికి పోతుంది. తర్వాత అద్దాలు కొంచెం దించే నిమిషం పాటు నడిపి, అప్పుడు మూసి ఏసీని లోపలిగాలి బటన్ మీద పెట్టు. ఏసీ చల్లగా లేదని నా దగ్గరికి వచ్చే బళ్ళలో చాలావాటికి గ్యాసు సమస్య ఉండదు, గ్లోవ్ బాక్సు వెనక ఫిల్టరు దుమ్ముతో అట్టకట్టి ఉంటుంది.

ఇక ఎండ కళ్ళలో కొట్టడం. నువ్వు గమనించావో లేదో, పొద్దున్నే హైదరాబాద్‌లో బయల్దేరితే చౌటుప్పల్ దాటేదాకా సూర్యుడు ఎదురుగా ఉంటాడు. సాయంత్రం ఇక్కడినుంచి తిరిగి వెళ్ళినా మళ్ళీ ఎదురే, నందిగామ, కోదాడ అంతా. అంటే నీకు రెండు వైపులా ఎండకి ఎదురు ప్రయాణమే. కొత్త బండిలో ప్లాస్టిక్కు వేడెక్కి దాని ఆవిరి ముందు అద్దం లోపలివైపు సన్నటి పొరలా పడుతుంది, మామూలప్పుడు కనపడదు, ఎండ ఎదురు కొట్టినప్పుడు అద్దమంతా పాలు పోసినట్టవుతుంది. పదిహేను రోజులకోసారి తడిబట్టతో, తర్వాత పాత న్యూస్‌పేపరుతో లోపలివైపు తుడువు. దీనికి పైసా ఖర్చు లేదు, లిస్టులో ఉన్న సగం వస్తువులకంటే దీనివల్ల నీ కళ్ళకి ఎక్కువ సుఖం. వెనక వచ్చే బళ్ళని చూసుకునే లోపలి అద్దం కింద చిన్న మీట ఉందేమో చూడు, ఉంటే రాత్రిపూట దాన్ని నీవైపు లాగు, వెనక లారీల లైట్లు కళ్ళు పొడవవు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే టెన్షన్ పెట్టిన విషయం, ఆ వంద వాట్ల బల్బులు. ఆటోనగర్‌లో 31 ఏళ్ళు బళ్ళ వైరింగే చేసినవాణ్ణి, ఈ ఒక్కదాని మీద నా మాట కాదనకు. నీ బండికి వచ్చినవి హైబీమ్‌కి 60, లోబీమ్‌కి 55 వాట్ల బల్బులు. హైబీమ్‌లో రెండు పక్కల బల్బులూ కలిపి 10 యాంపులు లాగుతాయి. వంద వాట్లవి పెడితే 16, 17 యాంపులు. వైరు అదే, హోల్డరు అదే. పోయినేడు ఒకాయన తెల్లవారుజామున గుంటూరు నుంచి వస్తూ కాజ టోల్‌గేటు దగ్గర కమురు వాసన వస్తోందని బండి ఆపి నాకు ఫోన్ చేశాడు. నేను వెళ్ళి హెడ్‌లైట్ వెనక రబ్బరు టోపీ తీశాను. మూడు పిన్నుల హోల్డరు బెల్లంపాకంలా సాగి, బల్బు కాళ్ళకి అతుక్కుపోయి ఉంది. అంతకంటే భయంకరం స్టీరింగు కింద ఉంది. డోర్ల లైట్ల కోసం ఎవరో వైరు మధ్యలో ఒలిచి, ఇంకో వైరు మెలిపెట్టి, నల్ల టేపు చుట్టారు. మన ఎండకి ఆ టేపు జిగురు కరిగి, చుట్టలు జారి పక్కకి వచ్చేశాయి. రాగి పోగులు బయటికి వచ్చి, చుట్టూ తారులాంటి జిడ్డు, దానికి దుమ్ము పట్టి, ఆ పోగుల్లో ఒకటి ఇనుప బ్రాకెట్టుకి వెంట్రుకవాసి దూరంలో ఉంది. ఆయన వెనక సీట్లో ఇద్దరు పిల్లలు నిద్రపోతున్నారు. నేను అక్కడే రోడ్డు పక్కన కూర్చుని బ్యాటరీ వైరు పీకేశాను. ఆ పిల్లల మొహాలు ఇప్పటికీ కళ్ళముందు ఉన్నాయి, అమ్మలూ.

అందుకని నీ బండిలో ఒక్క వైరు కూడా ఎవరూ కోయకూడదు. ఏది బిగించినా కంపెనీ సాకెట్టులోకి సరిపోయే కప్లరుతోనే బిగించాలి. వైరు కోస్తే వారంటీ విషయంలో కూడా పేచీ పెడతారు. లైటు నిజంగానే చాలట్లేదంటే అదే 60, 55 బల్బులకి నేను రిలే కిట్టు వేస్తాను. కరెంటు బ్యాటరీ నుంచి మందపాటి వైరులో, ఫ్యూజు మీదుగా, నేరుగా బల్బుకి వెళుతుంది, నీ చేతికింద స్విచ్చు రిలేని ఆన్ చేయడం వరకే. దారిలో వోల్టేజి తగ్గదు కాబట్టి అదే బల్బు ఇంకా తెల్లగా వెలుగుతుంది, ఎదుటివాడి కళ్ళూ చెదరవు. హారను కూడా సన్నగా ఉందన్నావు, అదే పద్ధతిలో రెండు స్వరాల హారను పెడదాం.

స్క్రీను వద్దనను. రివర్సు తీసేటప్పుడు మీ అపార్టుమెంటు సెల్లారులో స్తంభాలు చూశాను, కెమెరా కావాలి. సెన్సర్లు నీ బండికి ఎలాగూ ఉన్నాయి, 2019 జూలై నుంచి కొత్త కార్లన్నిటికీ పెట్టడం తప్పనిసరి చేశారు, కానీ సన్నటి ఇనుప కడ్డీ, నేలమీద పాకే పిల్లవాడు ఉన్నా వాటికి ఒక్కోసారి తెలియదు. అయితే తొమ్మిది అంగుళాలది కాదు, ఏడు అంగుళాలది, వాల్యూముకి తిప్పే బుడిపె ఉన్నది చూడు. బుడిపెని చెయ్యి వెతుక్కుంటుంది, కళ్ళు రోడ్డు మీదే ఉంటాయి. అన్నీ టచ్‌లోనే ఉంటే పాట మార్చడానికి కూడా నువ్వు కిందికి చూడాలి, వంద స్పీడులో ఆ ఒక్క సెకనులో బండి 27, 28 మీటర్లు పోతుంది.

గార్డు వద్దు, 2017 డిసెంబరులోనే కేంద్రం వాటిని పెట్టకూడదని చెప్పింది. గుద్దినప్పుడు దెబ్బ నేరుగా ఛాసిస్‌కి వెళుతుంది. అల్లాయ్ చక్రాలూ వద్దు, నీ బండితో వచ్చిన 13 అంగుళాల చక్రాలకి టైరు గోడ ఎత్తుగా ఉంటుంది, మన గుంటల్లో నడుముకి హాయి ఆ గోడవల్లే. మ్యాట్ల విషయంలో మాత్రం జాగ్రత్త. ఆ 7డి అనేది మందంగా ఉంటుంది, ముందుకి జారితే యాక్సిలరేటరు కింద ఇరుక్కుంటుంది. కంపెనీ కొక్కేనికి తగిలే మామూలు రబ్బరు మ్యాటు వేసుకో, మ్యాటు మీద మ్యాటు వేయకు.

ఆ అల్లాయ్‌ల డబ్బుతో ఒక పని చేద్దాం, నాలుగు డోర్ల లోపల చప్పుడు తగ్గించే డ్యాంపింగు షీటు అంటిద్దాం. డోరు ప్యాడు విప్పితే లోపల ఉత్త రేకు, వేలితో కొడితే డబ్బా మోగినట్టు మోగుతుంది. రేకుని స్పిరిటుతో తుడిచి, రెండు మిల్లీమీటర్ల షీటు అతికించి రోలరుతో నొక్కాలి. తర్వాత డోరు మూస్తే ఆ టంగుమనే చప్పుడు పోయి మెత్తగా డబ్బుమంటుంది. ఐదు గంటలు లారీల పక్కన నడిపి దిగినప్పుడు చెవుల్లో హోరు ఎంత తగ్గిందో నీకే తెలుస్తుంది. డోరు అడుగున నీళ్ళు పోయే కన్నాలు ఉంటాయి, హడావుడిగా పనిచేసేవాళ్ళు అవి కూడా మూసేస్తారు, వానాకాలం అయ్యేసరికి డోరు లోపల తుప్పు. అందుకే ఇది నేనే చేస్తాను.

నాయనమ్మ సంగతి. వేగన్ఆర్ అన్నది ఆవిడ మోకాళ్ళ కోసమే, సీటు ఎత్తుగా ఉంటుంది, గుంటలోకి దిగినట్టు కూర్చోనక్కర్లేదు. పోయినసారి ఆవిడ ఒక కాలు లోపల పెట్టి రెండోది ఎత్తలేక అవస్థ పడింది చూశావుగా. ఈసారి సీటు మీద నున్నటి ప్లాస్టిక్కు కవరు ఒకటి పరుచు, బట్టల షాపు సంచీ అయినా చాలు. ముందు వెనక్కి తిరిగి, కాళ్ళు బయటే ఉంచి కూర్చోబెట్టు, తర్వాత రెండు కాళ్ళూ కలిపి పట్టుకుని మెల్లగా లోపలికి తిప్పు, కవరు మీద ఒళ్ళు తేలిగ్గా తిరుగుతుంది. తిరిగాక కవరు లాగెయ్యి, దాన్ని అలాగే ఉంచి బండి నడిపితే బ్రేకు వేసినప్పుడు ముందుకి జారుతుంది. డోరు పక్కన స్తంభాన్ని పట్టుకోవడానికి ఆవిడ చెయ్యి అలవాటు చేయి, డోరు హ్యాండిలు పట్టుకోనివ్వకు, అది ఊగుతుంది.

ఇంకొకటి, ఇది నాయనమ్మతో నువ్వే నెమ్మదిగా చెప్పాలి, నేను చెబితే నొచ్చుకుంటుంది. ఇంద్రకీలాద్రి దగ్గర బండి పూజ చేయించినప్పుడు ఆవిడ తన చేత్తో అమ్మవారి విగ్రహం డాష్‌బోర్డు మీద ఎడమవైపు అంటించింది కదా. సరిగ్గా అక్కడే పక్కసీటు ఎయిర్‌బ్యాగ్ మూత ఉంది. బ్యాగు తెరుచుకుంటే ఆ ఇత్తడి విగ్రహం రాయిలా వచ్చి ఆ సీట్లో ఉన్నవాళ్ళ మొహాన తగులుతుంది, ఆ సీట్లో కూర్చునేది ఎక్కువగా ఆవిడే. అమ్మవారి చిన్న బొమ్మ ఒకటి రేకుది కొన్నాను, స్పీడు మీటరు పక్కన పలచగా అంటిద్దాం. ఇత్తడి విగ్రహం ఇంట్లో దేవుడి గూట్లో పెడదాం. తీసేముందు ఆవిడ చేతనే దణ్ణం పెట్టించు.

రెండో శనివారం వస్తానన్నావు కాబట్టి రిలేలు, కప్లర్లు, షీట్లు ఈ వారంలో తెచ్చి పెడతా. నూలు గుడ్డ మీ అమ్మ చూస్తుంది, ముదురు నీలం అంటోంది, నీకు వేరే రంగు కావాలంటే గురువారం లోపు చెప్పు. ఫాస్టాగ్‌లో డబ్బులున్నాయో లేదో బయల్దేరేముందు చూసుకో. డిక్కీ ఖాళీగా తీసుకురా, వెనక సీటు విప్పాల్సి వస్తుంది. సూర్యాపేటలో ఆగి టీ తాగు, అక్కడినుంచి ఫోన్ చెయ్యి.

నాన్న