గల్ఫ్ కూలీ టికెట్ సంక్షేమ నిధి నుంచే ఇవ్వాల్సింది

2020లో కరోనాతో పని పోయి గల్ఫ్‌లో చిక్కుకున్న కూలీలను సొంత ఖర్చుతో రమ్మనడం అన్యాయం. ఆ ఏడాది మార్చిలో ఆగిన విమానాల బదులు మే 7 నుంచి, విదేశాల్లో చిక్కుకున్నవాళ్లను తెచ్చే వందే భారత్ మిషన్ కింద ప్రత్యేక విమానాలు నడపడం మంచిదే. కానీ టికెట్ డబ్బులూ, దిగాక వారం రోజుల క్వారంటైన్ ఖర్చూ ప్రయాణికుడివే అయ్యాయి. అమెరికా నుంచి వచ్చే ఐటీ ఉద్యోగి ఎలాగోలా గట్టెక్కుతాడు, జీతమే అందని కూలీ ఎక్కడి నుంచి తెస్తాడు? మా దేవరకొండ చుట్టుపక్కల తండాల్లో ఇంటివాళ్లు నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి పంపారు. ఏజెంటుకు కట్టిన వీసా అప్పు అప్పటికి ఇంకా అలాగే ఉంది. ఎంబసీలో పేరు నమోదుకు ఇంగ్లిష్ ఫారం నింపాల్సి వచ్చింది. గల్ఫ్ నుంచి వాట్సాప్‌లో వచ్చిన పాస్‌పోర్టు ఫొటో పట్టుకుని భార్యలు ఇక్కడ నెట్ సెంటర్ల ముందు నిలబడ్డారు. నంబరులో ఒక్క అంకె తప్పుపడినా మళ్లీ మొదటికే! ఇలాంటి ఆపదల కోసమే 2009లో భారతీయ సమాజ సంక్షేమ నిధి పెట్టారు. పాస్‌పోర్టు, వీసా సేవలపై మన రాయబార కార్యాలయాలు వసూలు చేసే రుసుములే దానికి ఆధారం. నిరుపేదలకు టికెట్ ఇచ్చే వీలు దాని నిబంధనల్లోనే ఉంది. పని పోయిందని తహసీల్దారు ధ్రువీకరిస్తే చాలు, ఆ నిధి నుంచి టికెట్ ఇవ్వాల్సింది. నల్లగొండ, మహబూబ్‌నగర్ కలెక్టరేట్లలో ఫారాలు నింపిపెట్టే సహాయ కేంద్రం తెరవాల్సింది. కూలీల క్వారంటైన్ ఖర్చు రాష్ట్ర ప్రభుత్వమే భరించాల్సింది.

– ఒక ఉపాధ్యాయుడు, దేవరకొండ, నల్లగొండ జిల్లా