గత అక్టోబరు, డిసెంబరు మధ్య మేము మైనం పట్టించిన జాకెట్ల గురించి

గత అక్టోబరు మొదటి నుంచి క్రిస్మస్ సెలవుల దాకా ఇంగ్లండ్‌లోని మా దుకాణంలో వ్యాక్స్‌డ్ కాటన్ జాకెట్లకు, అంటే వాన ఆగేలా మైనం ఇంకించిన నూలుగుడ్డ జాకెట్లకు, మళ్ళీ మైనం పట్టించుకున్నవారిలో చాలామందికి ఆ పని సరిగా చేసి ఇవ్వలేకపోయామనీ, తప్పు పూర్తిగా మాదేననీ ముందుగా ఒప్పుకుంటున్నాను. జాకెట్ జిగటగా ఉందనీ, కారు సీటుకు మరకలు పడ్డాయనీ, మోచేతి మడతల దగ్గర తెల్లటి చారలు తేలాయనీ మొదట ఇద్దరు వచ్చి చెప్పినప్పుడు, నాలుగు రోజులు వేసుకుంటే అదే సర్దుకుంటుందని చెప్పి పంపించాను. జనవరిలో అదే మాట పదకొండో మనిషి నోట విన్నాక, అదే విడతలో మైనం పట్టించిన నా సొంత జాకెట్‌ను కిటికీ వెలుగులో పరిచి గోటితో గీసి చూశాను. గోటి సందులో మైనం పేరుకుంది. సరిగా పట్టిన గుడ్డ మీద గోరు గీస్తే లేత గీత పడుతుందే తప్ప గోటికి ఇంత ముద్ద అంటుకోదు.

కారణం చెప్పుకోవడానికి కొంచెం సిగ్గుగానే ఉంది. మైనం డబ్బాను వేడినీళ్ళలో ఉంచి, లోపలి మైనం పూర్తిగా కరిగాక, స్పాంజితో గుడ్డ మీద పలచగా రాస్తాము. కుట్ల వెంబడి, భుజాల మీద, మోచేతుల దగ్గర కాస్త ఎక్కువ రుద్దాలి. తరువాత వేడిగాలి తగిలిస్తే మైనం మళ్ళీ కరిగి నూలు పోగుల సందుల్లోకి దిగుతుంది. దిగకుండా పైన మిగిలినదాన్ని పొడిగుడ్డతో తుడిచి, రాత్రంతా వెచ్చటి గదిలో వేలాడదీయాలి. అక్టోబరులో పని ఒక్కసారిగా పెరిగింది, కరెంటు బిల్లు చూసి భయపడి వెనక గదిలో హీటరు కట్టేశాను. చల్లటి గదిలో గుడ్డకు తగిలీ తగలగానే మైనం చలికాలపు నెయ్యిలా గడ్డకట్టింది. గుడ్డ రంగు ముదరకపోయేసరికి మైనం చాలలేదనుకుని రెండో పూత కూడా వేశాము, పైగా తొందరలో వేడిగాలి పట్టే సమయాన్ని సగానికి తగ్గించాము. అట్లు పోసేటప్పుడు పెనానికి సగం కోసిన ఉల్లిపాయతో ఎంత నూనె రాస్తామో జాకెట్‌కు మైనం కూడా అంతే పలచగా ఉండాలని మా దగ్గర చేరిన కుర్రవాడికి మొదటి రోజే చెప్పినవాణ్ణి నేనే. చివరికి పెనం మీద నూనె మడుగు కట్టించినవాణ్ణి కూడా నేనే.

మైనం ఎక్కువైతే వాన ఇంకా బాగా ఆగుతుంది కదా అని ఒకరు అడిగారు. ఆగదు. ఈ గుడ్డ నేతే బిగుతైనది. తడి తగిలితే నూలు పోగులు ఉబ్బి ఒకదానికొకటి మరింత దగ్గరవుతాయి, వాటి మధ్య మిగిలిన సందులను మైనం పూడుస్తుంది. పని జరిగేది ఆ సందుల్లోనే కాబట్టి పైన అట్టకట్టిన మైనం వానను ఆపేది తక్కువ, దుమ్మును పట్టుకునేది ఎక్కువ. మడత పడినచోట అది పగిలి తెల్లగా కనబడుతుంది. పూర్వం కోరమాండల్ తీరపు కలంకారీ పనివారు నీలం రంగు అక్కరలేని చోటల్లా మైనంతో కప్పి గుడ్డను నీలిమందు తొట్టిలో ముంచేవారు. మైనం నూలులోకి దిగినచోటే రంగునీళ్ళు ఆగేవి కాబట్టి ఈ సూత్రం మనవాళ్ళకు కొత్తదేమీ కాదు.

ఇక్కడివారు దీన్ని ఓడ తెరచాపల దగ్గర నేర్చుకున్నారు. తెరచాప గుడ్డకు అవిసె నూనె పట్టించి నావికులు వానకోట్లు కుట్టుకునేవారు, కానీ ఆ నూనె కాలం గడిచేకొద్దీ పసుపెక్కేది, చలికి బిరుసెక్కేది. మా దుకాణం నుంచి టైన్ నది వెంబడి సముద్రం దాకా వెళితే వచ్చే సౌత్ షీల్డ్స్‌లో 1894లో జాన్ బార్బర్ అనే వ్యాపారి దుకాణం తెరిచినప్పుడు, ఆయన నావికులకూ జాలరులకూ రేవు కూలీలకూ అమ్మినది అలాంటి నూనెగుడ్డ బట్టలే. నూనె స్థానంలోకి పారాఫిన్ మైనం వచ్చాక గుడ్డ చలిలోనూ మెత్తగా వంగింది, 1936 నాటికి అదే కంపెనీ మోటారు సైకిలు పోటీలకు వెళ్ళేవారికోసం ప్రత్యేకంగా సూటు కుట్టింది. మీరు నా దగ్గరికి తెచ్చే పొట్టి జాకెట్లలో ఎక్కువ భాగం 1980లో ఆ కంపెనీ తెచ్చిన బీడేల్ అనే నమూనావి. నలభై ఏళ్ళు దాటిన జాకెట్లు కూడా వస్తుంటాయి, నిజానికి వాటితో పని సులువు, ఎందుకంటే అన్నేళ్ళు నిలిచిందంటే దాన్ని ఎవరూ వాషింగ్ మెషీన్‌లో వేయలేదన్నమాట.

ఆ మాట వచ్చింది కనుక రెండో తప్పు కూడా చెబుతాను. మెషీన్‌లో సబ్బు పొడితో ఉతికేసిన మూడు జాకెట్లను, పోనీలే పాపం అనుకుని తీసుకున్నాను. ఉతికిన గుడ్డలో మైనం కొన్నిచోట్ల పట్టి కొన్నిచోట్ల పట్టక మచ్చలు మచ్చలుగా తేలింది. ఆ ముగ్గురికీ డబ్బు వెనక్కి ఇచ్చేశాను. ఇకపై మెషీన్‌లో ఉతికినవీ, డ్రై క్లీనింగ్‌కు ఇచ్చినవీ తీసుకోను. జాకెట్‌కు బురద అంటితే ఎండనిచ్చి బ్రష్‌తో దులపండి, మిగిలినదాన్ని చన్నీళ్ళలో తడిపిన స్పాంజితో తుడవండి. సబ్బు వద్దు, వేడినీళ్ళు వద్దు, ఇస్త్రీ అసలే వద్దు. తడిసిన జాకెట్‌ను రేడియేటరు మీద ఆరవేసే అలవాటు మానుకోండి, గాలి ఆడే చోట వెడల్పు హ్యాంగరుకు తగిలిస్తే చాలు.

ఒక పెద్దావిడ సంక్రాంతికి విజయవాడ వెళ్తూ, మేము మైనం పట్టించిన జాకెట్‌ను సూట్‌కేసులో రెండు పట్టుచీరల మధ్య మడతపెట్టి తీసుకువెళ్ళారు. అక్కడ తెరిచి చూసేసరికి ఒక చీర అంచుకు మైనం అంటుకుని ఉంది. మరక తీయించే ఖర్చు నేనే ఇచ్చుకున్నాను, అయినా జరీ దగ్గర చిన్న నీడ మిగిలిపోయింది. ఆవిడ నన్ను ఒక్క మాట కూడా అనలేదు, ఆ మౌనమే ఎక్కువ బాధ పెట్టింది. మా పని బాగున్న జాకెట్‌నైనా మనవైపు తీసుకువెళ్ళవద్దనే నా సలహా. వేడికి మైనం మెత్తబడుతుంది, పైగా అక్కడ దానితో అవసరమూ లేదు. ఇక్కడే బీరువాలో ఉంచి వెళ్ళేటప్పుడు ప్లాస్టిక్ కవరు తొడగకండి, బయటి గోడకు ఆనుకున్న బీరువా అయితే తలుపు కొద్దిగా తెరిచి ఉంచండి. చెమ్మ చేరితే బూజు పడుతుంది. ఆ వాసన ఒకసారి అస్తరులోకి దిగిందంటే దాన్ని పూర్తిగా వదిలించడం నాకైతే ఇంతవరకు చేతకాలేదు.

ఇప్పుడు చేయబోయేది చెబుతాను. ఆ మూడు నెలల్లో మైనం పట్టించుకున్నవారందరికీ, ఫిర్యాదు చేయనివారికి కూడా, మళ్ళీ ఉచితంగా సరిచేసి ఇస్తాను. జాకెట్‌ను వెచ్చటి గదిలో కాసేపు ఉంచి, పైన పేరుకున్న మైనాన్ని వేడిగాలితో కరిగించి, కొంత గుడ్డలోకి దింపి మిగతాది తుడిచేస్తాము. ఒక్కో జాకెట్‌కు దాదాపు గంటన్నర పడుతుంది. కార్డురాయ్ కాలరుకు మైనం అంటిన రెండు జాకెట్లు మాత్రం మునుపటిలా అవుతాయని మాట ఇవ్వలేను, ఆ ఇద్దరితో విడిగా మాట్లాడాను. కారు సీట్లు శుభ్రం చేయించుకున్నవారు రసీదు చూపిస్తే ఆ డబ్బు ఇస్తాను.

హీటరు మళ్ళీ వేశాను. దాని ఖర్చు మీకూ కొంత తగులుతుంది: ఏప్రిల్ నుంచి మైనం పట్టించే ధర 35 పౌండ్ల నుంచి 42 పౌండ్లు అవుతుంది, వారానికి ఎనిమిది జాకెట్లకు మించి తీసుకోను. చలి మొదలయ్యాక అందరూ ఒకేసారి రావడం వల్లనే కిందటిసారి తొందరపడ్డాము, కాబట్టి వేసవిలోనే తెచ్చి ఇచ్చినవారికి పాత ధరే ఉంటుంది. ఆలస్యం ఇష్టంలేనివారు తయారీ కంపెనీకే పంపుకోవచ్చు, వారు కూడా తమ జాకెట్లకు మళ్ళీ మైనం పట్టించి ఇస్తారు.

సరిచేసే పని మార్చి రెండో సోమవారం మొదలుపెడుతున్నాను. మంగళ, గురువారాల్లో సాయంత్రం ఆరు దాకా దుకాణం తెరిచి ఉంటుంది. జేబులు ఖాళీ చేసి, వీలైతే పాత దుప్పటిలో చుట్టి తీసుకురండి, దారిలో మరో కారు సీటు పాడుకాకుండా ఉంటుంది.