పార్శిల్ అందింది అమ్మలూ

పాలకొల్లు,
ఆదివారం రాత్రి

అమ్మలూ,

మన పాత బండికని నువ్వు పంపిన కార్బొరేటర్ నిన్న సాయంత్రం అందింది. "ఒరిజినలేనా నాన్నా?" అని ఫోన్లో నాలుగుసార్లు అడిగావు. అవుననో కాదనో ఒక్క ముక్కలో తేలేది కాదు. అందుకే షెడ్డు మూసొచ్చి, అన్నం తిని, రాయడానికి కూర్చున్నాను.

బాడీ మికుని కంపెనీదే. పేరు అక్షరాలు పదునుగా ఉన్నాయి. డూప్లికేట్ మీద అవి కరుగుతున్న బెల్లంమీద అచ్చు గుద్దినట్టు అలుక్కుపోయి ఉంటాయి. మన యమహా ఆర్‌ఎక్స్ 100కి కావలసింది 20 మిల్లీమీటర్లది, కొలిచాను, అదే. లోపలి జెట్లు, అదే పెట్రోల్ పారే సన్నటి రంధ్రాల ఇత్తడి ముక్కలు, మాత్రం ఎవరో మార్చేశారు. మికుని జెట్ మీద చదరంలో చదరం గుర్తు చిన్నది ఉంటుంది. వీటి మీద ఉత్త నంబరే ఉంది.

మోసపోయానని బెంగ పెట్టుకోకు. సెకండ్ హ్యాండ్‌లో పూర్తి ఒరిజినల్ నేను చూసినవి చాలా తక్కువ. జెట్లు ఎప్పుడైనా కొనుక్కోవచ్చు. 1996లో తయారీ ఆగిపోయిన బండికి మంచి బాడీ దొరకడమే గగనం.

కానీ నువ్వు పంపిన ఆరు ఫోటోల్లో ఒక్కటీ స్లైడ్‌ది లేదు. యాక్సిలేటర్ తిప్పితే పైకి లేచి గాలికి దారిచ్చే ముక్క అది, ముందు చూడాల్సింది దాన్నే. వేలితో పైకెత్తి వదిలితే టక్కున పడాలి. అటూ ఇటూ కదిపితే ఊగిసలాడకూడదు. ఇది కాస్త ఆడుతోంది. అరిగిన స్లైడ్ పక్కనుంచి గాలి దూరిపోతుంది, ఇక స్క్రూ ఎంత తిప్పినా, యాక్సిలేటర్ వదిలేస్తే ఇంజన్ స్లోలో నిలబడదు. ఇంజన్‌కీ కార్బొరేటర్‌కీ మధ్య రబ్బరు పగిలినా ఇదే రోగం కాబట్టి, మన పాత రబ్బరు వంచి చూశాను. ఎక్కడా చీలిక లేదు.

తర్వాత అడుగు గిన్నె విప్పాను. ఏళ్ల తరబడి నిలవున్న పెట్రోల్ ఎండి, పనస జిగురులా అంటుకుపోయి ఉంది. అది పోతుంది. రబ్బరు వాషర్లన్నీ పక్కన పెట్టి, మిగతాది క్లీనర్‌లో నానబెట్టాను. నాకు భయం నీళ్లు తాగిన కార్బొరేటర్ అంటేనే. వరద తీశాక లంకల నుంచి వచ్చే బండ్ల గిన్నెల్లో ఒండ్రు ఉంటుంది, దాని కింద తెల్లటి బూజులా లోహం పొంగి ఉంటుంది. ఆ తినేయడం, గిన్నె నిండాక పెట్రోల్ ఆపే ఫ్లోట్ నీడిల్ కూర్చునే చోటిదాకా వస్తే నేను తిరిగి ఇచ్చేస్తాను, పెట్రోల్ కారడం ఎవడూ ఆపలేడు. నీ దానికి ఆ బాధ లేదు. గిన్నెలో తేలే ఫ్లోట్‌ని చెవి దగ్గర ఊపి చూశాను, లోపల పెట్రోల్ చప్పుడు లేదు. నీడిల్ కొసన మాత్రం ఉంగరంలా గీత పడింది, మార్చాలి.

ఇక జెట్లు. మెయిన్ జెట్‌ని దీపానికి ఎదురుగా పట్టుకుంటే రంధ్రం గుండ్రంగా లేదు, కోడిగుడ్డులా ఉంది. ఎవరో పిన్నీసుతో పొడిచారు. వాణ్ణి తిట్టే హక్కు నాకు లేదులే. నువ్వు ఒకటో తరగతిలో ఉన్నప్పుడు ఒక చేపల వ్యాపారి బండికి నేనూ అదే చేశాను. ఇత్తడి మెత్తన, రంధ్రం పెద్దదైంది, పెట్రోల్ ఎక్కువ వెళ్లి ప్లగ్ మసిబారేది. నాకు వెలగలేదు. నాలుగు ప్లగ్‌లు మార్చాను, నాలుగింటికీ డబ్బులు పుచ్చుకున్నాను. ఒకరోజు కొత్త జెట్ పక్కన పెట్టి చూశాక తెలిసింది. అప్పటికే ఆయన విసుగెత్తి బండి అమ్మేశాడు. ఆ తర్వాత నర్సాపురం రేవులో పంటు పడవ మీద రెండుసార్లు ఎదురయ్యాడు, రెండుసార్లూ నేనే మొహం తిప్పుకున్నాను. అప్పట్నుంచి జెట్‌లోకి గాలి తప్ప ఇంకేదీ పోనివ్వను. మరీ మొండిగా ఉంటే కరెంటు వైర్లోంచి ఒక్క రాగి పోగు, అంతే.

పెద్ద జెట్ వేస్తే బండి లాగుతుందని నీ ఫ్రెండ్ అన్నాడన్నావు. వద్దు. కంపెనీ నంబరే వేద్దాం. పెట్రోల్ ఎక్కువైతే ప్లగ్ నల్లబడుతుంది, తక్కువైతే తెల్లబడుతుంది. రెండో దానికే జాగ్రత్త పడాలి, టూ స్ట్రోక్ కదా, వేడెక్కి పిస్టన్ పట్టేస్తుంది. కాఫీ పొడి రంగొస్తే చాలు. గాలి పాళ్లు సర్దే ఎయిర్ స్క్రూ విప్పే ముందు పూర్తిగా బిగించి, ఎన్ని చుట్లు తిరిగిందో గోడమీద బొగ్గుతో రాశాను: ఒకటిన్నర. నువ్వొచ్చాక నువ్వే బిగించు.

నువ్వక్కడ కొనాల్సినవి మెయిన్ జెట్, స్లోలో పెట్రోల్ ఇచ్చే పైలట్ జెట్, ఫ్లోట్ నీడిల్, స్లైడ్. "కిట్ మొత్తం తీసుకోండి, చవక" అంటారు, వద్దను. ఆ చవక కిట్లో జెట్లే డూప్లికేట్ ఉంటాయి. స్లైడ్‌కి అడుగంచు ఎంత కోసి ఉందో చెప్పే కోత నంబరు చెక్కి ఉంటుంది, సరిగ్గా అదే కావాలి. రాత్రి దీపం కింద నాకు ఆనడం లేదు. రేపు పొద్దున్న ఎండలో పెట్టి ఫోటో తీయిస్తాను, అది చూసి బయల్దేరు.

నాన్న